కుట్ల టీచరూ, అంగి పురుగూ

పోయిన ఆదివారం కరీంనగర్‌లో మా మిద్దె మీద గులాబీ కుండీకి నీళ్లు పోస్తుంటే ఆకుల మీద పాలిపోయిన మచ్చలు కనబడ్డాయి. మచ్చ దగ్గర ఆకు పొర కాగితంలా పల్చబడింది. మధ్యలో సూదితో పొడిచినంత గుండ్రటి బెజ్జం. మా కింది వాటాలో అద్దెకుండే అతను ఎరువుల దుకాణంలో పనిచేస్తాడు. అతను కూడా చూసి, "తెగులు పట్టింది మేడం. రేపు మందు తెస్త. ఒక్కసారి కొడితె సాఫ్" అన్నాడు.

నేను ఆకును తిప్పి చూశాను. అడుగున వడ్లగింజంత కూడా లేని ఎండుటాకు గొట్టం ఒకటి తలకిందులుగా నిలబడి ఉంది. చూస్తుండగానే అది కదిలింది. ఒక అడుగు వేసింది. ఆగింది. ఇంకో అడుగు వేసింది.

నాకు నవ్వాగలేదు.

"మందొద్దు బాబూ. ఇది నాకు తెలిసిన పురుగే" అన్నాను.

"పురుగు తెల్సుడేంది మేడం?" అన్నాడతను.

నిజమే, పురుగు తెలియడమేమిటి? దీన్ని నాకు పరిచయం చేసిన మనిషి గురించి చెబితే తప్ప ఆ మాట ఎవరికీ అర్థం కాదు.

ఎనభై రెండులో నాకు మొదటి ఉద్యోగం సుల్తానాబాద్‌కు దగ్గర్లో, చుట్టూ వరిపొలాలున్న ఒక ఊళ్లో ఆడపిల్లల హైస్కూల్లో వచ్చింది. ప్రకృతిశాస్త్రం చెప్పాలి. చేరిన రోజు పొద్దున ప్రార్థనలో చేతులు కట్టుకుని నిలబడి ఉంటే వెనక నుంచి ఎవరో "భుజం పదమూడున్నర" అన్నారు.

తిరిగి చూశాను. పొట్టిగా, నల్లగా, మెడలో కొలతల టేపు వేసుకున్న ఒకావిడ. ఆమె నన్ను చూడడం లేదు, నా జాకెట్టును చూస్తోంది.

"దర్జీ ఎవ్వడో గని పద్నాలుగు పెట్టిండు. గందుకే జారుతుంది. మధ్యాన్నం రా బాయి, సరిజేస్త."

పిల్లలు ఆమెను కుట్ల టీచర్ అనేవారు. నేను అక్కా అనేదాన్ని. ఆమెకు ఆడవాళ్లందరూ బాయిలే. నేను సైన్సు బాయిని, లెక్కలు చెప్పే ఆవిడ లెక్కల బాయి. హెడ్మిస్ట్రెస్ ఒక్కరే మేడం. పుట్టింది ఇచ్చోడ దగ్గర. అక్కడి తెలుగులో మరాఠీ కలిసి ఉంటుంది. ఆశ్చర్యమేస్తే "అగ్గబాయి!" అనేది. ఏదైనా చూపించాలంటే "బగ్, బగ్" అనేది. చూడు, చూడు అని.

నడుముకు నాడాతో కత్తెర కట్టుకునేది. నడుస్తుంటే అది ఊగి మిషన్ల అంచులకు తగిలి టకటకమనేది. ఆ చప్పుడు వినబడగానే పిల్లలు సూదులు చేతిలోకి తీసుకునేవారు. కొప్పులో ఎప్పుడూ ఒక సూది ఉండేది, దానికి ఏదో ఒక రంగు దారం వేలాడేది. నోట్లో గుండుసూదులు పెట్టుకుని మాట్లాడేది. అప్పుడు ఆమె మాటల్లో హల్లులు మాయమై అచ్చులు మాత్రమే మిగిలేవి. అయినా పిల్లలకు ఒక్క ముక్క పొల్లు పోయేది కాదు. దారం కత్తెరతో కాకుండా ఎడమవైపు కోరపన్నుతో కొరికేది. ఇరవై ఏళ్లు కొరికీ కొరికీ ఆ పన్నుకు చిన్న గాడి పడింది. చీరను వెనక్కి దోపి మరాఠీ పద్ధతిలో కాసె పోసి కట్టేది. ఇది బడి, ఈ కట్టు బాగుండదని హెడ్మిస్ట్రెస్ ఒకసారి మందలించారు.

"మిషన్ల చీర పడితె దాని ఎన్క నేను గూడ పడ్త గద మేడం" అన్నది ఆమె. ఆ సంగతి అంతటితో ముగిసింది.

పెళ్లి సంగతి ఎవరైనా అడిగితే, "అయ్యింది, అయిపోయింది" అని మిషన్ తొక్కేది. ఇంకో ప్రశ్న ఆ చప్పుడులో వినబడేది కాదు.

ఆ డిసెంబర్‌లో ఒక మధ్యాహ్నం అన్నాల వేళ ఆమె నన్ను కుట్ల గదికి పిలిచింది. కిటికీ బయట పాత నూనె డబ్బాలో నాటు గులాబీ ఒకటి పెంచేది. ఒక ఆకును వేలితో పైకెత్తి, "సైన్సు బాయీ, గిదేంది?" అన్నది.

"ఎండుటాకు తుంపు అక్కా."

"ఎండుటాకు నడుస్తదా?"

అది నడిచింది. మూడేళ్లు కాలేజీలో జంతుశాస్త్రం చదివినదాన్ని. ల్యాబ్‌కు పరుగెత్తి భూతద్దం తెచ్చాను. గొట్టం చివర నుంచి చిన్న నల్లటి తల బయటికొచ్చి, మమ్మల్ని చూసినట్టే చూసి, లోపలికి పోయింది.

"రెండు చలికాలాల సంది చూస్తున్న" అన్నదామె. "పుట్టంగనే ఆకు లోపటికి పోతది. బట్టకు, అస్తరుకు నడుమ జొచ్చినట్టు. రెండు పొరలకు ఏం గాకుంట నడుమ పచ్చదాన్ని తింటది. తిన్నంత మేర ఖాళీ సంచి అయితది గద? అప్పుడు ఆ రెండు పొరల్ని కలిపి కోస్తది. అంచులు దగ్గరికి దెచ్చి కుడ్తది. తొడుక్కుంటది. బగ్, దీని ఈపు మీద పండ్లు పండ్లుగ ఉన్నది సూడు. ఆకు అంచు అది. కుచ్చు పెట్టినట్టు ఎంత మంచిగ అచ్చింది!"

"దారం ఎక్కడిది?"

"నోట్లకెళ్లి."

"మరి పెరిగితే?"

"అంగి పిగిలేదాక ఆగది. పాతది ఇడిసిపెట్టి కొత్తది కోసుకుంటది. టేపు లేదు, సుద్దముక్క లేదు. ఒక్కపారి సుత కొలత తప్పంగ నేను సూడలే." ఆమె గొంతు తగ్గించింది. "ఎవ్వరు నేర్పిన్రు బాయి దీనికి?"

"దాన్ని సహజాతం అంటారక్కా."

"అంటె?"

"పుట్టుకతోనే వచ్చే తెలివి."

"అంటె మీకు తెల్వదన్నట్టు" అన్నది, ఏ వెటకారమూ లేకుండా.

మా పుస్తకాల్లో దానికి తెలుగు పేరు దొరకలేదు. ఆమె మాత్రం అప్పటికే అంగి పురుగు అని పెట్టుకుంది. అయినా నా పరువు కోసం, పురుగులున్న రెండాకులు టిఫిన్ డబ్బాలో పెట్టుకుని కరీంనగర్ వెళ్లి, నాకు చదువు చెప్పిన లెక్చరర్‌కు చూపించాను. ఆయన చాలాసేపు చూసి, ఇదొక చిన్న రెక్కలపురుగు పిల్ల అని, దీని కుటుంబం పేరు కోలియోఫోరిడే అని చెప్పారు. తిరిగొచ్చి ఆ పేరు ఆమెకు గర్వంగా చెప్పాను. నోట్లో ఉన్న గుండుసూదులన్నీ రాలిపోయేటట్టు నవ్వింది.

"గింత పురుగుకు గంత పేరా! అంగి మోసుడే బరువాయె. గిప్పుడు పేరు సుత మోయాల్నా?"

రాలిన సూదులు ఏరడానికి ఇద్దరికీ చాలాసేపు పట్టింది.

జనవరిలో పై ఆఫీసు నుంచి ఒక కాగితం వచ్చింది. చేతిపనుల టీచర్లు కూడా పదో తరగతి పాసై ఉండాలి. లేనివాళ్లకు వచ్చే ఏడు మార్చి పరీక్ష వరకూ గడువు. ఆ తర్వాత ఉద్యోగం ఉండదు. హెడ్మిస్ట్రెస్ కాగితాన్ని ఆమె చేతికిచ్చి, చదివి సంతకం పెట్టి పంపమన్నారు. రెండు రోజులైనా అది తిరిగి రాలేదు. నన్ను వెళ్లి తెమ్మన్నారు. వెళ్లి చూస్తే ఆ కాగితం గౌను కాలర్ ఆకారంలో కత్తిరించి బల్ల మీద ఉంది.

"అక్కా, ఇదేం పని?"

"దిట్టంగ ఉన్నది బాయి. కాలరుకు మంచిగ పనికచ్చింది."

ఆమె ఎప్పుడూ పాత దినపత్రికల మీదే కొలతలు గీసి కత్తిరించేది. కాగితం మందమే చూసేది గాని దాని మీద ఏముందో చూసేది కాదు. ఎందుకో నాకు ఆ రోజు అర్థమైంది. ఇచ్చోడలో మరాఠీ బడిలో నాలుగో తరగతి దాకా చదివింది. తర్వాత టైలరింగ్ సర్టిఫికెట్‌తో ఉద్యోగం వచ్చింది. తెలుగు అక్షరాలు బస్సుల బోర్డులు చూసి తనంతట తానే నేర్చుకుంది. కూడబలుక్కుని చదవగలదు. రాయడమంటే సంతకమే.

కాగితంలో ఏముందో నేను చదివి చెప్పాను. ఆమె మిషన్ చక్రం మీద చెయ్యి పెట్టి కూచుంది.

"నలభై మూడేండ్ల మనిషిని" అన్నది చివరికి. "అచ్చరాలు నాకు నిలవడయి. చీమల లెక్క ఉరుకుతయి. పోనీ తియ్యి, ఇచ్చోడకు పోత. మా అన్న ఇంట్ల ఓ మూలకు మిషన్ ఏసుకుంట."

"మీ అన్న మంచివాడేనా?"

"మంచోడే. వదిన సుత మంచిదే." కాలర్ కాగితాన్ని చేత్తో సాపు చేసింది. "గని అది ఆల్ల ఇల్లు."

మర్నాడు నేనొక రెండు వందల పేజీల నోటుపుస్తకం తీసుకెళ్లి ఆమె ముందు పెట్టాను. పాఠాలు తర్వాత చూద్దాం, రోజూ పురుగు ఏం చేసిందో ఒక్క ముక్క రాయి చాలు అన్నాను. మొదటి రోజు ఆమె అరగంట కష్టపడి, చెమట తుడుచుకుంటూ రాసింది ఇది: "పురుగు లేసింది. నేను కూడ లేసిన."

ఆ పుస్తకం చాలాకాలం నా దగ్గరే ఉంది. అందులో కొన్ని వాక్యాలు నాకు కంఠతా వచ్చు. "అంగి పొట్టి అయింది. కొత్తది కోస్త లేదు. సోమరి." "ఈ రోజు వాన పడ్డది. పురుగు తిన లేదు. నేను తిన్న." "రెండు పురుగులు ఒక్క ఆకు మీద ఉన్నయి. మాట లేదు." ఎండలు ముదిరి, పురుగులన్నీ పోయాక నేను భయపడ్డాను, రాయడం ఆగిపోతుందని. ఆగలేదు. ఏప్రిల్, మే నెలలంతా రోజూ ఒకటే వాక్యం: "పురుగు లేదు. నేను ఉన్న."

వానలు పడి గులాబీ చిగురించాక పురుగులు మళ్లీ వచ్చాయి. వాక్యాలు పెరిగి పేరాలయ్యాయి. బడి వదిలాక ఆమె నా దగ్గర గంటసేపు కూచునేది. లెక్కల్లో కష్టమైంది పేర్లే. గుండ్రటి గౌనుకు ఘేరా, అంటే అంచు చుట్టుకొలత, ఎంత రావాలో ఆమెకు ఎప్పటి నుంచో తెలుసు. "నడిమిట్ల అడ్డంగ కొలువు. దానికి మూడంతలు, మీద జరంత" అనేది. ఆ మూడుకూ జరంతకూ కలిపి పుస్తకంలో పై అనే ఒక గుర్తు ఉందని చెబితే సంతోషపడింది. హిందీలో పిల్లలందరినీ దాటిపోయింది, అవి మరాఠీ అక్షరాలే కదా. ఇంగ్లీషు ఒక్కటే లొంగలేదు. "పలికేటప్పుడు ఒక తీరు, రాసేటప్పుడు ఒక తీరు. గిది బాసనా, మోసమా?" అని పుస్తకాన్ని మూసేది. మళ్లీ తనే తెరిచేది.

ఇంతలో డిసెంబర్‌లో పెద్ద గొడవ వచ్చింది. ఆఫీసు గది ముందు హెడ్మిస్ట్రెస్ రెండు వరసలు గులాబీలు పెంచేవారు. జెండా పండుగకు ఆ పూలే కావాలి. పెళ్లి చేసుకోలేదావిడ. ఆ చెట్లను తప్ప దేన్నీ ముద్దుగా చూసినట్టు ఎవరికీ గుర్తు లేదు. ఒకరోజు పొద్దున వాటి ఆకులన్నీ పాలిపోయి ఉన్నాయి. మధ్యాహ్నానికల్లా ఎవరో రైతు దగ్గర నుంచి ఎండ్రిన్ డబ్బా, వీపుకు తగిలించుకునే పంపు వచ్చేశాయి.

మందు వాసన తగలగానే కుట్ల టీచర్ గదిలోంచి బయటికొచ్చి తన నూనె డబ్బా ముందు నిలబడింది.

"మీ చెట్లకు మీరు కొట్టుకోర్రి మేడం. నా డబ్బ జోలికి మాత్రం రావద్దు."

"నీ డబ్బాలోంచే కదా నా చెట్లకు పాకింది!" అన్నారు హెడ్మిస్ట్రెస్. ఆవిడెప్పుడూ పాఠం చదివినట్టే మాట్లాడేవారు. "పురుగుల కోసం పూలను చంపుకోమంటావా?"

"పువ్వు జోలికి అది పోదు మేడం. ఆకు తింటది, గంతే. మార్చి దాక ఆగుర్రి. గది లేకుంటె నా రాసుడు బందయితది."

"రాయడమేమిటి?"

నేను నోటుపుస్తకం తెచ్చి ఆవిడ చేతికిచ్చాను. నిలబడే మొదటి పేజీ చదివారు. రెండో పేజీ దగ్గర కళ్లద్దాలు సరిచేసుకున్నారు. నాలుగో పేజీకి మెట్టు మీద కూచున్నారు. పంపు మోసుకొచ్చిన రైతు ఒక కాలి మీంచి ఇంకో కాలి మీదికి బరువు మార్చుకుంటూ నిలబడ్డాడు. ఆవిడ భుజాలు కదిలాయి. ఏడుస్తున్నారేమో అనుకున్నాను. నవ్వుతున్నారు. "సోమరి" దగ్గరికొచ్చారన్నమాట.

పుస్తకం మూసి లేచి, గొంతు సవరించుకుని, "పరీక్ష దాకా మందు కొట్టను. పాసైతే ఎప్పటికీ కొట్టను. తప్పితే నా చేతులతో నేనే కొడతాను" అన్నారు.

"అయితె నా చెట్టు బతికినట్టే" అన్నది కుట్ల టీచర్. ఆ ధైర్యం ఎక్కడి నుంచి వచ్చిందో నాకు తెలియదు. ఆ వారం ఇంగ్లీషులో నేను పెట్టిన పరీక్షలో ఆమెకు వందకు పదకొండు వచ్చాయి.

ఆఫీసు ముందున్న చెట్ల పురుగుల్ని పిల్లలు ఆకులతో సహా తుంచి తెచ్చి ఆమె డబ్బాలో చేర్చారు. ఒక్కొక్కదాన్ని అంగి చిరగకుండా పట్టుకోవడమెలాగో ఆమె నేర్పింది. పదో తరగతి సరోజన ఈ పనిలో అందరికంటే నేర్పరి. బక్కపిల్ల, తండ్రి దుబాయిలో ఉండేవాడు. సరోజన కూడా ఆ మార్చిలోనే పరీక్షకు కూచోవాలి.

ఫిబ్రవరి చివర కొన్ని పురుగులు తిండి మానేసి, కొమ్మకు అంగిని గట్టిగా అతికించి, లోపలి నుంచి మూసేసుకున్నాయి. అలాంటి కొమ్మ ఒకటి తుంచి గాజు సీసాలో పెట్టి, మూతికి మల్లుగుడ్డ కట్టాం. పరీక్షలకు నాలుగు రోజుల ముందు సరోజన కేక పెట్టింది. పిల్లలంతా పరుగెత్తుకొచ్చారు. సీసా గోడ మీద ఒక రెక్కలపురుగు వాలి ఉంది. గోరులో సగం లేదు. బూడిద కలిసిన గోధుమరంగు. సన్నటి రెక్కలు, వాటి అంచున కుచ్చులాంటి నూగు.

"గింతేనా టీచర్?" అన్నది సరోజన. అందరి మొహాలూ చిన్నబోయాయి. సీతాకోకచిలుకంత కాకపోయినా ఏదో ఒక రంగు ఉంటుందని ఏడాదిగా ఎదురుచూశారు పాపం.

కుట్ల టీచర్ సీసాను వెలుతురుకు ఎత్తి పట్టుకుని తనివితీరా చూసింది.

"దర్జీలు ఏనాడన్న సోకు చేసుకుంటరా బిడ్డా? ఎంత సాదాగ ఉన్నది, బగ్!" అని గుడ్డ విప్పింది. అది ఎగిరి ఆమె మోచేతి మీద వాలి, అక్కడి నుంచి గులాబీ చెట్టులోకి పోయింది. ఆమె ఆ రోజంతా హుషారుగా ఉంది. ఇంగ్లీషు పదాలు కూడా పది తప్పులు తక్కువ రాసింది.

పరీక్ష సుల్తానాబాద్‌లో. మొదటి రోజు ఆమె నడుముకు కత్తెరతోనే హాల్లోకి వెళ్లి, సరోజన ముందు బెంచీలో కూచుంది. కాపలా ఉన్న సారు దగ్గరికొచ్చి మర్యాదగానే చెప్పాడట, "అమ్మా, తల్లులు బైట కూసోవాలె" అని.

"సార్, ఆమె మా టీచర్. పరీచ్చ రాయనీకి అచ్చింది" అన్నది సరోజన.

హాలంతా గొల్లుమంది. అందరికంటే గట్టిగా నవ్వింది ఆమేనట. సారు హాల్ టికెట్ చూసి, క్షమించమని అడిగి, కత్తెర మాత్రం విప్పించి తన బల్ల మీద పెట్టుకున్నాడు. ఆ వారమంతా ఆయన బల్ల మీద ప్రశ్నపత్రాల కట్టతో పాటు ఆ కత్తెర కూడా ఉండేదని పిల్లలు చెప్పారు.

ప్రకృతిశాస్త్రం పరీక్ష రోజు నేను గేటు బయట చెరుకురసం బండి దగ్గర నిలబడ్డాను. ఆమె వెలిగిపోతూ బయటికొచ్చింది.

"మస్తు రాసిన బాయీ! ఒక్క ప్రశ్నకే నాలుగు పేజీలు."

"ఏ ప్రశ్న?"

"పురుగు ప్రశ్న."

నేను ప్రశ్నపత్రం లాక్కుని చూశాను. పట్టుపురుగు జీవితచరిత్రను పటం సహాయంతో వివరించమని ఉంది.

"అక్కా, అడిగింది పట్టుపురుగు."

"చదివిన. నేను పట్టుపురుగును సూడలే గద? సూడనిదాన్ని ఎట్ల రాయాలె? గదే పైన రాసిన. పట్టుపురుగును నేను చూడలేదు, నేను చూసిన పురుగు సంగతి రాస్తున్నాను అని. బొమ్మలు సుత ఏసిన. అంగి ఎట్ల కోస్తదో, ఎక్కడ కుడ్తదో, చుక్కల గీతతోని."

నేను పుస్తకంలోని పట్టుపురుగు పాఠం ఆమెకు మూడుసార్లు చెప్పాను. అన్ని దశలూ అప్పజెప్పింది కూడా. అయినా రాయలేదు. కోప్పడాలో, దండం పెట్టాలో తెలియక రెండు గ్లాసుల చెరుకురసం తాగాను. ఒకటి ఆమెదని తర్వాత గుర్తొచ్చింది.

ఫలితాలు వేసవి సెలవుల్లో వచ్చాయి. దినపత్రిక ఊరికి మధ్యాహ్నం బస్సులో వచ్చేది. ఎవరూ రమ్మనకపోయినా అందరం బడికి చేరాం. హెడ్మిస్ట్రెస్ కూడా వచ్చారు. బస్సు దిగిన పత్రికను సరోజన తెచ్చి ఆవిడ చేతికిచ్చింది. ఆవిడ మెట్టు మీద కూచుని, సన్నటి అంకెల వరసల మీద వేలు కదుపుతూ పోయారు. మొదటి శ్రేణి అయిపోయింది. రెండో శ్రేణిలో సరోజన నంబరు దొరికింది. ఆ పిల్ల గంతులేయబోయి, కుట్ల టీచర్ మొహం చూసి ఆగిపోయింది. మూడో శ్రేణి వరసలు ఒకటి తర్వాత ఒకటి తరిగిపోతున్నాయి. కుట్ల టీచర్ గోడకు ఆనుకుని నిలబడి, మెడలో టేపును చుట్టడం, విప్పడం, చుట్టడం.

హెడ్మిస్ట్రెస్ వేలు ఆగింది. ఒళ్లో పెట్టుకున్న ఆమె హాల్ టికెట్ వంక చూశారు. పత్రిక వంక చూశారు. మళ్లీ హాల్ టికెట్.

"పాసైనవే!" అని అరిచారు. ఏళ్ల తరబడి పుస్తకంలా మాట్లాడిన మనిషి ఒక్కసారిగా మా ఊరి మాటలోకి దూకారు. "ఓసి నీ పాడుగాను, పాసైనవే నువ్వు!"

"మల్లొక్కసారి సూడుర్రి మేడం."

మూడుసార్లు చూశారు. అప్పుడామె ఎవరితోనూ ఏమీ అనకుండా కుట్ల గదిలోకి వెళ్లి, తన మిషన్ ముందు కూచుని, బట్ట లేదు, దారం లేదు, ఉత్త మిషన్ తొక్కడం మొదలుపెట్టింది. ఎంత జోరుగా తొక్కిందంటే కిటికీ రెక్కలు అదిరాయి. పిల్లలు లోపలికి దూకి మిగతా మిషన్లన్నీ తొక్కారు. హెడ్మిస్ట్రెస్ గుమ్మంలో నిలబడి చెవులు మూసుకుని నవ్వుతున్నారు. పొలాలకు పోయేవాళ్లు దారిలో ఆగి, సెలవుల్లో ఈ బడికి ఏమైందని అడిగి వెళ్లారు.

ఆమె ఉద్యోగం నిలిచింది. ఆఫీసు ముందు గులాబీలకు ఆ తర్వాత ఎవరూ మందు కొట్టలేదు. ప్రతి డిసెంబర్‌లోనూ ఆకులు పాలిపోయేవి, జనవరిలో పూలు పూసేవి. నాకు బదిలీ అయ్యేదాకా ఆరేళ్లు అలాగే చూశాను. రిటైరయ్యాక ఆమె ఉట్నూర్‌లో ఒక గది తీసుకుని, ఈ వయసులోనూ చుట్టుపక్కల గూడేల పిల్లలకు కుట్టు నేర్పుతోందని సరోజన మొన్న ఒక పెళ్లిలో చెప్పింది. నవ్వు అలాగే ఉందట.

కానీ ఆమె అనగానే నా కళ్లముందుకొచ్చేది మార్కుల మెమో వచ్చిన రోజు. జూలైలో, బడి తెరిచాక, వాన వెలిసిన పొద్దుటిపూట వచ్చింది. హిందీలో ఎనభై ఒకటి. ఇంగ్లీషులో సరిగ్గా ముప్పై ఐదు. ప్రకృతిశాస్త్రంలో అరవై నాలుగు. ఆ నాలుగు పేజీలు చదివి మార్కులేసిన మహానుభావులెవరో నాకు ఇప్పటికీ తెలియదు. ఎక్కడున్నా చల్లగా ఉండాలి.

మెమో అంతా ఇంగ్లీషులో ఉంది. చదివి చెప్పబోయాను. ఆమె చెయ్యి అడ్డం పెట్టి, చేతులు చీరకు తుడుచుకుని, కాగితం తీసుకుంది. పిల్లలు చుట్టూ మూగారు. పేరున్న వరస వెతుక్కుని, మొదటి అక్షరం కింద వేలు పెట్టి పైకి పలికింది. తర్వాత రెండోది. మధ్యలో ఒకచోట తడబడింది. తన మెమో కోసం వచ్చిన సరోజన అందించబోతే తల అడ్డంగా ఊపింది. పెదాలు కదిపి, వెనక్కి వెళ్లి, మళ్లీ మొదటి నుంచి వచ్చి, ఈసారి ఆ అక్షరాన్ని దాటింది. చివరిదాకా పోయింది. అన్నీ కలిపి పేరంతా ఒక్కసారి గట్టిగా చదివింది, కొత్తగా బళ్లో చేరిన పిల్ల పేరు హాజరుపట్టీలో పిలిచినట్టు.

చదివి తలెత్తి మా అందరి వంకా చూసింది.

"అగ్గబాయి," అన్నది, "గిది నేనే!"